చీర రంగు ఫొటోలో నిలవాలంటే

సంపాదకులకు నమస్కారం.

కొట్లో చీర నచ్చాక, డబ్బు తీసేముందు, కొనేవాళ్ళు చేసే పని ఒకటుంది. చీరను చేతిమీద వేసుకుని గుమ్మం దాకా వస్తారు. కొంగు పరిచి పగటి వెలుతురులో చూస్తారు, మడత అటూ ఇటూ తిప్పుతారు. దీపాల కింద రంగు ఒకలా, బయట ఇంకోలా ఉంటుందని మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఇప్పుడు మంగళగిరి, పోచంపల్లి, వెంకటగిరి, గద్వాల, ఉప్పాడ చీరలను వాట్సాప్‌లో ఫొటో చూసి కొంటున్నారు. డల్లాస్‌లో ఉన్నవాళ్ళకైనా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నవాళ్ళకైనా ఆ ఫొటోనే ఆధారం. గుమ్మం చేసే పని ఇప్పుడు ఫొటో చేయాలి, చాలా ఫొటోలు చేయడం లేదు. "ఫొటోలో వంగపండు రంగు, వచ్చింది నీలం" అంటూ చీర తిరిగొస్తే రానూపోనూ ఖర్చు నేతగాడి నెత్తిన పడుతుంది. రంగు మార్చి పంపాడన్న నిందా అతనికే అంటుకుంటుంది.

చేనేత బట్టల ఫొటోలు తీయడమే మా వృత్తి. ఈ రంగు తేడా ఫోన్ ఖరీదును బట్టి వచ్చేది కాదని గట్టిగా చెప్పగలం. గదిలో ఏ దీపం వెలుగుతోంది, ఫోన్ కెమెరాను ఆటో (తనంతట తానే సర్దుకునే) సెట్టింగులో వదిలేశారా లేదా అన్న రెండింటితోనే చాలావరకు తేలిపోతుంది. ఈ రెండూ చేతిలోకి తెచ్చుకుంటే మామూలు ఫోన్‌తోనూ నమ్మదగిన రంగు వస్తుంది.

ముందు దీపం సంగతి. మామూలుగా ఇంట్లో చీర ఫొటో ఎలా తీస్తారు? మంచం మీద చీర పరుస్తారు. ఒకపక్క కిటికీ, నెత్తిమీద ట్యూబ్‌లైటు, మూల ఒక పసుపు బల్బు. వెలుతురు ఎక్కువుంటే మంచిదని అన్నీ వేస్తారు. వెలుగు రంగును కెల్విన్ అంకెల్లో చెబుతారు: పసుపు బల్బు వెలుగు 2700 కెల్విన్, తెల్ల ట్యూబు 6500, నీడవైపు కిటికీలోంచి వచ్చే ఆకాశపు వెలుగు 7000 పైమాటే. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలానికి జరుగుతుంది. ఆ వెలుగులో తెలుపు తెల్లగా రావడానికి కెమెరా కట్టే లెక్కే వైట్ బ్యాలెన్స్. ఒక ఫొటోకు అది ఒక్క లెక్కే కట్టగలదు. కిటికీకి లెక్క కడితే బల్బు వైపు అంచు పసుపెక్కుతుంది, బల్బుకు కడితే కిటికీ వైపు కొంగు నీలమెక్కుతుంది. ఒకే చీర, రెండు చివర్లు రెండు రంగులు. తర్వాత ఎంత ఎడిట్ చేసినా ఇది పూర్తిగా సర్దుకోదు. అందుకే గదిలో ఒకే రకం వెలుగు ఉండాలి. కిటికీ వెలుతురులో తీస్తే దీపాలన్నీ ఆర్పేయాలి. దీపాలతో తీస్తే కిటికీ మూయాలి, పక్కగదిలో ట్యూబ్‌లైటు కూడా తీసేయాలి.

కిటికీ వెలుతురు చవకైనదీ మంచిదీ. ఎండ నేరుగా పడని ఉత్తరం కిటికీ, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3 లోపు, రంగు పరదాలు తీసేసి. దాని చిక్కల్లా మబ్బుతోనే. పదో చీరకు మబ్బు పడితే మొదటి చీరకు కట్టిన లెక్క చెల్లదు, మళ్ళీ మొదలుపెట్టాలి. రోజూ పది పదిహేను చీరలు తీయాల్సిన సొసైటీకి దీపాలే నయం.

కానీ ఏ దీపం? పెట్టె మీద వాట్లు చూసి కొంటే చాలదు. తెల్ల ఎల్‌ఈడీలో వెలిగేది నీలం చిప్పు. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత మింగి పసుపు, ఎరుపుల్ని పుట్టిస్తుంది. చవక బల్బులో ముదురు ఎరుపు బాగా తక్కువ. కంటికి గది తెల్లగానే ఉంటుంది. మిరపపండు ఎరుపు చీర మీద పడితే మాత్రం అది తిప్పిపంపడానికి కావలసిన ఎరుపు ఆ వెలుగులోనే లేదు. చీర ఇటుకరంగుకు దిగిపోతుంది, మెరూన్ అయితే కాఫీపొడిలా కనిపిస్తుంది. ఒక దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో కొలిచే అంకె సీఆర్‌ఐ. ఆ అంకెలోనూ ఒక కిటుకుంది. దాన్ని 8 లేత రంగుల సగటుతో కడతారు, ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. ఎరుపును వేరుగా ఆర్‌9 అనే అంకెతో చూస్తారు. సీఆర్‌ఐ 80 ఉన్న బల్బుకు ఆర్‌9 సున్నా దగ్గర ఉండొచ్చు, సున్నాకు దిగువనా ఉండొచ్చు. మన పెళ్ళిచీరలకు ఎరుపే ప్రాణం కాబట్టి సీఆర్‌ఐ 95, ఆర్‌9 కనీసం 80 ఉన్న దీపాలు అడిగి కొనండి. పెట్టె మీద ఆర్‌9 వేయకపోతే కంపెనీ డేటాషీటులో వెతకండి. అక్కడా లేకపోతే ఆ దీపం చీరల కోసం వద్దు. 5000 నుంచి 5600 కెల్విన్ మధ్య ఒకే మోడల్‌వి రెండు తీసుకుంటే సరిపోతుంది.

గోడలూ దీపాల్లాంటివే. లేతాకుపచ్చ సున్నం వేసిన గదిలో ఎంత మంచి దీపం పెట్టినా, గోడకు తగిలి తిరిగొచ్చే వెలుగు ఆకుపచ్చగా ఉండి చీర నీడల్లో చేరుతుంది. ఎర్ర గచ్చు మీద పరిస్తే కింది అంచు ఎర్రబారుతుంది. తీసేవాళ్ళు ఎరుపు చొక్కా వేసుకుని చీరకు మూడడుగుల దూరంలో నిలబడ్డా అంతే. గోడలకు తెల్లరంగు వేయలేకపోతే ఆ పక్క తెల్ల దుప్పటి కట్టండి, కింద బూడిదరంగు గుడ్డ పరవండి.

దీపాలను చీరకు చెరోపక్క 45 డిగ్రీల కోణంలో, మీటరున్నర దూరంలో, ఒకే ఎత్తులో నిలబెట్టండి. ముందు పల్చటి తెల్లగుడ్డ కడితే నీడలు మెత్తబడతాయి. దగ్గర దీపంతో ఒక ప్రమాదం ఉంది: దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఒకే దీపం పక్కన పెట్టి పరిచిన చీరను తీస్తే ఈ చివర తెల్లబోతుంది, ఆ చివర చీకటవుతుంది. రెండు దీపాల మధ్య వెలుగు సమంగా ఉందో లేదో తేల్చుకోవడానికి గ్రే కార్డును (ఏ రంగూ కలవని బూడిదరంగు అట్టను) చీర నాలుగు మూలలా, నడుమా పెట్టి కొలవండి. తేడా మూడోవంతు స్టాప్ దాటకూడదు. స్టాప్ అంటే వెలుగు రెండింతలో సగమో అయ్యే ఒక మెట్టు.

తర్వాత వైట్ బ్యాలెన్స్. ఆటోలో వదిలేస్తే ఫ్రేములో ఏ రంగు నిండి ఉంటే దాన్ని తటస్థం చేయాలని కెమెరా చూస్తుంది. పసుపు చీర ఫ్రేమంతా నిండితే వెలుగే పసుపు అనుకుని నీలం కలుపుతుంది, పసుపు పాలిపోతుంది. ఆనందనీలం చీరకు పసుపు కలుపుతుంది. అదే దీపాల కింద వరసగా తీసిన పది చీరలకు పది లెక్కలు కడుతుంది, ఏ రెండూ పోల్చుకునేలా ఉండవు. అందుకని దీపాలు వేసి, గుడ్డ కట్టాక, గ్రే కార్డును చీర ఉండేచోట పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ ఒక్కసారి తీసుకోండి. ఆ సౌకర్యం లేని ఫోన్‌లో ప్రో మోడ్‌కు వెళ్ళి కెల్విన్ అంకెను జరుపుతూ కార్డు నిఖార్సైన బూడిదరంగుగా కనిపించేచోట ఆపండి. దీపాలు కదిలేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

గ్రే కార్డుకు బదులు చాలామంది జిరాక్స్ కాగితం వాడుతున్నారు. అది తప్పు. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనం అతినీలలోహిత కిరణాలను తాగి నీలం వెలుగుగా వదులుతుంది. పగటి వెలుతురులో ఆ కాగితం నిజానికి నీలంగా ఉంటుంది, దానికి లెక్క కట్టిన కెమెరా చీరకు పసుపు పులుముతుంది. సబ్బుపొడితో ఉతికిన తెల్ల పంచెదీ ఇదే గుణం. కార్డు దొరక్కపోతే నల్లాలు బిగించేవాళ్ళు మరకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు ఒక చుట్ట కొనండి. అగ్గిపెట్టెంత అట్టముక్క మీద పది పన్నెండు పొరలు, కింద అట్ట కనిపించకుండా చుట్టండి. అన్ని రంగుల వెలుగునూ ఇంచుమించు సమంగా తిప్పిపంపే పదార్థం అది. ప్రయోగశాలల్లో తెలుపుకు ప్రమాణంగా వాడే పలకలూ ఆ జాతివే. ఒక్కటే జాగ్రత్త: ఫొటోలో వెలుగును నలుపుకు 0, పూర్తి తెలుపుకు 255గా లెక్కిస్తారు, ఆ ముక్క మరీ తెల్లగా 255కు కొట్టేయకూడదు. 200 నుంచి 230 మధ్య ఉంటేనే లెక్క నిజం.

ఇక ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది. కెమెరా మీటరుకు చీర తెలుపో నలుపో తెలియదు. ఎదుట ఏదున్నా మధ్యస్థపు బూడిదరంగు అనుకునే కొలుస్తుంది. అందుకే గంధం రంగు మంగళగిరి చీర మాసినట్టు వస్తుంది, నల్ల చీర వెలిసినట్టు వస్తుంది. ఆటోలోనే తీయక తప్పకపోతే తెల్ల చీరకు ఒక స్టాప్ నుంచి ఒకటింబావు దాకా పెంచండి, నల్లదానికి ఒక స్టాప్ తగ్గించండి. ఇంతకన్నా మంచి పద్ధతి, చీరను కొలవడం మానేసి గ్రే కార్డును కొలిచి మాన్యువల్‌లో బిగించేయడం. పడిన వెలుగులో 18 శాతం తిప్పిపంపే గ్రే కార్డు ఫొటోలో 118 అంకె చుట్టుపక్కల వస్తే ఎక్స్‌పోజర్ కుదిరినట్టు. తర్వాత ఏ చీర పరిచినా ఆ అంకెలు మార్చొద్దు. వెలుగు మారనప్పుడు ఎక్స్‌పోజర్ మారాల్సిన పనే లేదు. తెల్లది తెల్లగా, నల్లది నల్లగా వాటంతటవే వస్తాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది మన ఎరుపుకే. మిరపపండు ఎరుపు, రాణీ పింక్ లాంటి గాఢమైన రంగుల్లో కెమెరా చూపే మొత్తం వెలుగు గ్రాఫు (హిస్టోగ్రాం) చక్కగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఫొటోలోని ఎరుపు, పచ్చ, నీలం పొరల్లో ఎరుపు పొర (చానల్) మాత్రం 255 దాటి తెగిపోయి ఉంటుంది. ఎరుపు మీద అదే ఎరుపుతో నేసిన బుటా, మడత నీడ, నూలు పోగుల గరుకుతనం అన్నీ కరిగి ఒక ఎర్రటి మచ్చ మిగులుతుంది. కెమెరాలో మూడు రంగుల గ్రాఫులు విడివిడిగా చూపే సెట్టింగు పెట్టుకోండి. ఎరుపు గ్రాఫు కుడిగోడకు గుద్దుకుంటే మూడింట రెండొంతుల స్టాప్ నుంచి ఒక స్టాప్ తగ్గించి, రా ఫైలుగా (కెమెరా సర్దకుండా దాచే ముడి ఫైలుగా) తీసి, తర్వాత పెంచండి. రా ఫైలులో రంగుకు 12 లేదా 14 బిట్లు ఉంటాయి, జేపెగ్‌లో 8. తగ్గించి తీసినదాన్ని పెంచుకునే చోటు రాలోనే ఉంది. ఒకసారి తెగిపోయిన ఎరుపు మాత్రం ఎందులోనూ తిరిగిరాదు.

షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలన్న సంగతి ఎవరూ పట్టించుకోరు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది, కన్ను పట్టుకోలేదు గానీ సెన్సర్ పట్టుకుంటుంది. ఫొటోలో అడ్డంగా నల్ల చారలు వచ్చేది అందుకే. షట్టర్ సెకనులో 1/50, 1/25, 1/10 వంతు ఇలా పెడితే మిణుకులు పూర్ణసంఖ్యలో ఇమిడి చారలు పోతాయి. 1/60 మనకు పనికిరాదు. అమెరికాలో ఇంట్లోంచి చీరలు అమ్మే మనవాళ్ళకు అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్ళకు 1/60, 1/30 సరి. డిమ్మర్‌తో వెలుగు తగ్గించొద్దు, దానివల్ల మిణుకు పెరగొచ్చు. తగ్గించాలంటే దీపాన్ని దూరం జరపండి. 20 వాట్ల దీపాలు రెండు ఉంటే ఫోన్‌లో 1/50, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగును పట్టే సున్నితత్వపు అంకె) 100 నుంచి 200తో మొదలుపెట్టొచ్చు. పెద్ద కెమెరాలో అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్8, ఐఎస్‌ఓ 100 పెడితే షట్టర్ అర సెకను దాకా పోతుంది, కాబట్టి స్టాండు మీద పెట్టి సెల్ఫ్ టైమర్‌తో తీయాలి. ఫోన్ ఫ్లాష్ అసలే వద్దు. లెన్సు పక్కనుంచే కొట్టే వెలుగు జరీని తెల్లమచ్చ చేసి నేతను చదును చేస్తుంది.

జరీ గురించి ఇంకాస్త చెప్పాలి. పట్టు, నూలు తమ రంగు తాము చూపిస్తాయి. జరీ అద్దంలాంటిది, ఎదుట ఉన్నదాన్ని చూపిస్తుంది. చీకటి గదిలో రెండు దీపాల మధ్య పెడితే అక్కడక్కడ మెరిసి మిగతాదంతా గోధుమరంగులో నల్లబడుతుంది, చూసినవాళ్ళు జరీ పాతదనుకుంటారు. ఆకుపచ్చ గోడ ఎదుట ఉంటే ఆకుపచ్చగా మారుతుంది. అంచు బంగారంలా రావాలంటే దాని ఎదుట విశాలమైన తెలుపు ఉండాలి. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న థర్మోకోల్ షీటును చీరకు పైన కాస్త వాలుగా పట్టుకుని, స్క్రీన్‌లో చూస్తూ కోణం మార్చండి. ఒకచోట అంచంతా ఒక్కసారిగా పసిమి తిరుగుతుంది. అక్కడ ఆపి నొక్కండి.

పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన చీరలకు ఒక్క ఫొటో ఎప్పటికీ చాలదు. నీలం పడుగులో ఆకుపచ్చ పేక పడిన నెమలికంఠం చీర ఎదురుగా చూస్తే ఒకలా, వాలుగా చూస్తే ఇంకోలా ఉంటుంది. రెండూ నిజమే. "ఫొటోలో పచ్చ, వచ్చింది నీలం" అన్న తగాదాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. పరిచి తీసినదొకటి, మడతలు పోసి పక్కనుంచి తీసినదొకటి పంపండి. కింద "నీలం పడుగు, పచ్చ పేక" అని రాయండి. ఆ మూడు నాలుగు మాటలు ఎన్నో తగాదాలను ఆపుతాయి. అలాగే కొన్ని సింథటిక్ నల్లరంగులు కంటికి కనిపించని పరారుణ కాంతిని తిప్పిపంపుతాయి. అది సెన్సర్‌కు తగిలి నల్ల రవికె గుడ్డ ఫొటోలో వంగపండు ఛాయకు తిరుగుతుంది. అది కెమెరా గుణం. ఎడిటింగులో ఆ నలుపు ఒక్కదాన్నే సరిచేయాలి, ఫొటో మొత్తాన్ని కదపకూడదు.

ఇంత జాగ్రత్తగా తీసిన రంగును ఫోనే చెడగొట్టగలదు. సీన్ ఆప్టిమైజర్, బ్యూటీ, ఫిల్టర్లు, ఆటో హెచ్‌డీఆర్ అన్నీ ఆపేయండి. చూసుకునే స్క్రీన్ "వివిడ్"లో ఉంటే ప్రతి రంగూ ఉన్నదానికన్నా గాఢంగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి రంగు తగ్గిస్తే మామూలు స్క్రీన్‌లో చూసేవాళ్ళకు చీర వెలవెలబోతుంది. స్క్రీన్‌ను "నేచురల్"లో పెట్టి, రాత్రిపూట పసుపు చేసే ఐ కంఫర్ట్ తీసేసి చూడండి. ఫైలును మామూలు స్క్రీన్లు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతిలోనే పంపండి. అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకో పద్ధతిలో పంపితే, ఏ పద్ధతో చెప్పే ఫైలులోని గుర్తును చదవని యాప్‌లో రంగులు చచ్చిపోతాయి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే సన్నటి చారలూ ఇక్కత్ అంచులూ చెదరవు. నెమలికంఠంలోని కొన్ని నీలిపచ్చలు ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటి ఉంటాయి, ఎవరెంత బాగా తీసినా స్క్రీన్ మీద పూర్తిగా రావు. ఆ మాట కొనేవాళ్ళకు ముందే చెప్పడం మర్యాద.

పంపేముందు చివరి పరీక్ష ఆ దీపాల కిందే చేయాలి. ఫొటో ఉన్న ఫోన్‌ను చీర పక్కన పట్టి రెండింటినీ ఒకేసారి చూడండి. తర్వాత ఇంకొకరి ఫోన్‌లో చూడండి. రెండింటిలోనూ సరిపోతే పంపొచ్చు.

ఈ ఏర్పాటు ప్రతి నేతగాడి ఇంట్లోనూ అక్కర్లేదు. సహకార సంఘానికి ఒక మూల చాలు: తెల్లగోడల చిన్నగది, రెండు మంచి దీపాలు, వాటి స్టాండ్లు, ఫోన్ స్టాండు, గ్రే కార్డు, రెండు థర్మోకోల్ షీట్లు. దీపాల కాళ్ళు ఎక్కడ నిలపాలో నేలమీద రంగుతో గుర్తు పెట్టి, షట్టర్, ఐఎస్‌ఓ, కెల్విన్ అంకెలు గోడమీద రాసిపెడితే ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడల్లోని వీవర్స్ సర్వీస్ సెంటర్లు అద్దకంలో, డిజైన్లలో నేతన్నలకు శిక్షణ ఇస్తున్నాయి. ఫొటో రంగును కూడా అందులో ఒక రోజు పాఠంగా చేర్చాలని, ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరిపే శాఖలు ఈసారి సంఘాలకు ఈ సామాను ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. సామాను ఇచ్చేవాళ్ళకు ఒక మనవి: దీపాలు జతగా ఇవ్వండి, అదనంగా ఒక జత కూడా ఇవ్వండి. ఒకటి మాడిపోతే రెండూ మార్చాలి, పాత దీపమూ కొత్త దీపమూ ఒకే తెలుపు ఇవ్వవు.

ఇట్లు,
చేనేత వస్త్రాల ఫొటోగ్రాఫర్లు కొందరు